మిగిలినది, సరి

ఈ హాల్లో కూర్చున్న మగవాళ్లందరూ పిరికివాళ్లు. రైలు తలుపు మూసుకుందో లేదో పదిసార్లు చూస్తారు, సొంత ఒళ్లు చూసుకోమంటే నేల చూపులు చూస్తారు. ఇది చెప్పేశాను కాబట్టి ఇక మర్యాదలకు వస్తాను. సభాధ్యక్షులు, డిపో మేనేజరు షిరొగానె గారికి, వేదిక మీది పెద్దలకు, బీరు గ్లాసులు నింపుకుని నా ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తున్న డ్రైవర్ మిత్రులకు యూనియన్ కార్యదర్శిగా నా నమస్కారాలు.

ఇవాళ రిటైరైన మన కురమోచి గారు రేపటి నుంచి రైలు నడపరు. సిగ్నల్ కనబడగానే వేలు చూపించి "పచ్చ, సరి" అని గట్టిగా చెప్పడం జపాన్‌లో ఏ రైలు డ్రైవరుకైనా ఉద్యోగం, ఈయనకు మాత్రం అదొక జబ్బు. వాళ్లావిడ ఇక్కడే ఉన్నారు, కాదనమనండి. "పొద్దున లేవగానే నావైపు వేలు చూపించి 'భార్య, సరి' అంటాడయ్యా" అని ఆవిడే నాతో అన్నారు. (నవ్వులు)

ఇంత జాగ్రత్త మనిషీ, ముప్పై దాటిన కొత్తలో వృషణంలో నొప్పిలేని గడ్డ తగిలితే, సీటు ఒత్తుకుందేమోలే అని చలికాలమంతా ఊరుకున్నారు. చివరికి ఆవిడే ఆసుపత్రికి ఈడ్చుకెళ్లారు. క్యాన్సర్ అన్నారు, ఒకటి తీసేశారు. మనిషి దక్కాడు, తర్వాత ఇద్దరు పిల్లలూ పుట్టారు. అప్పటి నుంచి అందరం కలిసి స్నానం చేసే డిపో స్నానాల గదిలో వేడినీళ్ల తొట్టిలోంచి లేచి, తడిమి చూసుకుని, వేలు కిందికి చూపించి ఒకటే కేక: "మిగిలినది, సరి." పైగా మాతో, "నాకు ఒకటే పని, మీకు రెండు. కానివ్వండి నాయనా."

ఆయన్ని చూసి అందరికంటే ఎక్కువ నవ్వినవాడు నగుమో. ఇది చెప్పమని అతనే అన్నాడు. ఒక సాయంత్రం మమ్మల్ని నవ్వించాలని, తువ్వాలు భుజాన వేసుకుని, అచ్చం ఆయన గొంతుతో "ఎడమది, సరి" అన్నాడు. "కుడిది" అన్నాడు. ఆగిపోయాడు.

"ఏరా, రెండో సిగ్నల్ ఎర్రగా ఉందా?" అన్నారెవరో. మేమింకా నవ్వుతూనే ఉన్నాం. కురమోచి గారు మాత్రం నవ్వలేదు.

"పొద్దున్నే ఆసుపత్రికి పద. నేనూ వస్తా."

అదీ క్యాన్సరే, మొదట్లోనే పట్టుకున్నారు కాబట్టి నయమైంది. అదిగో నగుమో, పక్కవాడి రొయ్యలు లాక్కుని తింటున్నాడు. (చప్పట్లు)

షిరొగానె గారూ, తనిఖీకి వచ్చేవాళ్లు ఏమనుకుంటారో అని పోయిన నెల స్నానాల గదిలో ఆ కేకను మీరు వద్దన్నారు. 'నెలకోసారి తడిమి చూసుకోండి' అని గోడ మీద ఆయన అంటించిన కాగితం పీకించారు. విందు మీరే ఇస్తున్నారు కాబట్టి కోపం కాస్త తగ్గించుకుని అడుగుతున్నాను. పట్టాలో పగులు దాచినవాణ్ని ఉద్యోగంలోంచి తీసేస్తాం, ఒంట్లో గడ్డ దాచినవాడు మర్యాదస్తుడా? కుర్రవయసులోనే ఎక్కువగా వచ్చే జబ్బు ఇది. త్వరగా పట్టుకుంటే చాలామందికి నయమవుతుంది. ఆయన వెళ్లిపోయాక ఆ గది నిశ్శబ్దంగా ఉంటుందే, నా భయమంతా దాని గురించే.

ఓపిగ్గా విన్నారు, కృతజ్ఞతలు. కురమోచి గారూ, మీకు సంతోషంగా సెలవు. మేనేజరు గారికి మాత్రం మా కోరికలు:

కాగితం మళ్లీ అంటించాలి.

కొత్త డ్రైవర్లకు మొదటిరోజే ఈ విషయం చెప్పాలి.

ఆసుపత్రికని డ్యూటీ మార్చమంటే నలుగురి ముందు కారణం అడగకూడదు.

నెలకోసారి వేడినీళ్ల స్నానం తర్వాత ప్రతి మగవాడూ తడిమి చూసుకోవాలి, మేనేజరుతో సహా.

ఇకనుంచి కేక నగుమో వేయాలి.