ఎర్ర టేపు గ్లాసు

అబుదాబిలోని ముసఫ్ఫా లేబర్ క్యాంపులో ఉగాండా వాచ్‌మన్ మోజెస్ మూడు రోజులుగా మంచం దిగలేదు. క్యాంప్ బాస్ ఖాదర్ హుస్సేన్ అతని రూమ్మేట్ కలీం ముందు కాగితం పెట్టాడు.

"బద్ధకమని రాసిన. సాక్షిగా సంతకం పెట్టు. ఊరికి పంపిస్తే ఖలాస్."

"బద్ధకం గాదు భాయ్. నిద్ర లేదు, తిండి లేదు. చేతులు వణుకుతున్నయ్."

"జ్వరముందా?"

"లేదు."

"మరేం రోగం?"

"రెండేళ్ల సంది అందరూ ఆయన్ని కాలియా, నల్లోడా అంటున్రు. బస్సుల ఆయన పక్కన ఎవరూ కూసోరు."

"నవ్వులాటకు అంటరు. నువ్వు కూసున్నవా?"



"కూసోలే. ఆయన గ్లాసు మన గ్లాసులతోని కలవొద్దని ఎర్ర టేపు చుట్టింది గూడ నేనే."

"అయితే సంతకం పెట్టు."

"ఇయ్యాల నా గ్లాసుల చాయ్ ఇచ్చిన భాయ్. తాగే ముందు ఆయనే దానికి టేపు చుట్టిండు."

కలీం కాగితాన్ని వెనక్కి తోశాడు.

"డాక్టరు దగ్గరికి బండి పంపు. పక్కన నేను కూసుంట."