తల్లీ తండ్రీ లేరు

ఇంగ్రిడ్ పోయిన ఏడాది, అమెరికాలో ఒమాహా ఊళ్లోని ఒక వంటింట్లో ఆమె కన్న కూతురూ, ఆమెతో కాపురం చేసి ఆ పిల్లను పెంచిన స్త్రీ కాలేజీ ఫీజు సాయానికి దరఖాస్తు నింపుతున్నారు.

“తండ్రి అన్నచోట ఎలాగూ ఖాళీయే. తల్లి అన్నచోట నీ పేరు రాశానమ్మా.”

“కొట్టెయ్. ఫీజు సాయం ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నాను, ఒప్పుకోరట. కన్నారా, దత్తత తీసుకున్నారా అని అడిగింది అక్కడి ఆవిడ.”

“దత్తత ఇవ్వనన్నది ఈ రాష్ట్రమే కదా! పుట్టినప్పటి నుంచీ పెంచానని చెప్పలేకపోయావా?”

“చెప్పాను. దానికి గడి లేదంది.”

“మరి ఏం రాయాలట?”

“తల్లీ తండ్రీ లేరు అన్న గడిలో టిక్కు పెట్టాలట. అప్పుడు సాయం ఎక్కువే వస్తుందట. శుభవార్త చెప్పినట్టు చెప్పింది మహాతల్లి.”

“నేను పెట్టను. చదువు మానేస్తాను.”

“పిచ్చిగా మాట్లాడకు. ఆస్పత్రిలో ఇంగ్రిడ్ చెయ్యి పట్టుకుని, నిన్ను చదివిస్తానని మాటిచ్చాను.”

“నువ్వు ఎదురుగా కూర్చునుంటే, నాకెవరూ లేరని ఎలా రాయను?”

“అయితే నేను పక్క గదిలోకి వెళ్తాను.”

ఆమె వెళ్లి తలుపు వేసుకుంది. కాసేపటికి తలుపు వెనక నుంచే అడిగింది.

“పెట్టావా, తల్లీ?”

“పెట్టాను.”

“పైన రాసిందంతా నిజమేనని చివర్లో ఉంటుంది చూడు. దాని కింద సంతకం పెట్టు.”