బరాత్ బండి వెనక లైటు

లేవకు బుగ్గయ్య, పండుకో. కాలికి పిండికట్టు ఉన్నోడు సార్ వచ్చిండని లేస్తడా ఎక్కడన్న. నీ ఇల్లు దొరకబట్టేసరికే నా పానం పోయింది. పుట్టినకాంచి అశోక్‌నగర్‌లనే ఉంటున్న, నాలా పక్కపొంటి ఇంత పెద్ద బస్తీ ఉన్నదని తెల్వదు. బుగ్గయ్య ఇల్లేది అని అడిగితే, కాలు పోయినాయననా, అంటున్నరు. పోలేదమ్మా, విరిగింది అని దిద్దిన. టైపు నేర్పేటోన్ని గదా, తప్పు కనబడితే ఊకోలేను.

గల్లీ మొదట్ల మాసమ్మ అనేటామె నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఎందుకో సమజ్ కాలే.

నర్సింహమ్మ పనికి పోయిందా? మంచిదే. నీ పెండ్లాం ముంగట నేను నిలబడలేను.

ముందుగాల చెప్తున్న, తప్పు నాదే. దివాళా తీసిన ఇన్‌స్టిట్యూట్ పెట్టుకొని జర్మనీ కారు కొన్నోన్ని ఏమంటరు? పిల్లలంత కంప్యూటర్లని పోయిండ్రు, టైపు మిషన్లకు దుమ్ము పట్టింది. గదే టైముల చిట్టీల జగన్మోహన్ మునిగిండు, ఆయన కారు స్కూటర్ ధరకు వస్తదన్నరు. నా బుద్ధి గడ్డి తిన్నది. ఆరు సిలిండర్లు. గంటకు రెండు వందల కిలోమీటర్లు ఉరుకుతదట. దేనికి? చిక్కడపల్లి నుంచి నారాయణగూడ పోయి కూరగాయలు తెచ్చేటందుకు.

మా ఇంటామె విద్యావతి చూసి ఒక్కటే మాటన్నది. "కొన్నరా, దత్తత తెచ్చుకున్నరా?"

కొనుడు అలకనే, సాకుడే కష్టం. నారాయణగూడ మెకానిక్ ఉస్తాద్ బానెట్ ఎత్తి చూసిండు, దానికొక సలాం కొట్టిండు, మల్ల మూసిండు. ఆఖరుకు ఫ్యాను బెల్టు ఒక బండిది, హారన్ లారీది, హ్యాండ్ బ్రేకు వైరు అంబాసిడర్‌ది. తయారుచేసిన జర్మనోడు చూస్తే దాన్ని గుర్తుపట్టడు, నన్ను మాత్రం పోలీసులకు పట్టిస్తడు.

పెండ్లి బరాత్‌లకు కిరాయికిస్తే దాని తిండి అదే సంపాదించుకుంటదనుకున్న. కాని ఉరికేటందుకు పుట్టిన బండి అది. బ్యాండు ఎనక నత్తలెక్క పొమ్మంటే కుతకుత ఉడుకుతది. మొదటి పెండ్లిలనే పొగ లేచి పెండ్లికొడుకు కిందికి దుంకి ఉరికిండు. పిల్ల నచ్చలేదేమోనని ఆడోళ్లు ఏడ్పు షురూ చేసిండ్రు.

గప్పుడు దొరికిండ్రు మీరు. చౌరస్తల కూలోళ్ల అడ్డా మీద, పాలమూరోళ్లు నలుగురు. హాలు ముంగట ఇంజన్ షురూ చేసి, అందరు వినేటట్టు ఒకసారి గుర్రుమనిపియ్యాలె. మూల తిరగంగనే బందు చెయ్యాలె. ఇగ మీరు ఎనక నుంచి నూకాలె. బ్యాండు మోతల ఎవనికి తెలుస్తది? ఒక పిల్ల తండ్రి నా చెయ్యి పట్టుకొని, "చప్పుడే లేదు సార్, జర్మనీ జర్మనీయే" అన్నడు. డిక్కీకి భుజం ఆనిచ్చి చెమటలు కక్కుతున్న జర్మనీవి నువ్వే.

నవ్వకు, కాలు కదుల్తది.

సరే, అసలు సంగతికొస్త. రేపు పోలీసాయన వస్తడు. ఇంజన్ బందుపెట్టి మనుషులతోని నూకిస్తున్నడని తెలిసిందంటే బండిని స్టేషన్ల పెట్టుకుంటరు. ఆడ ఎండల ఒక్క ఎండకాలం నిలబడితే ఇగ అది కారు కాదు, పాత ఇనుము. నాకు ఇన్‌స్టిట్యూట్ లేదు, ఇజ్జత్ లేదు, ఉన్నది గదొక్కటే. అందుకే బండి నూకుతుంటి అని చెప్పకు. బరాత్‌ల తాగి ఎగురుకుంట చక్రం కిందపడ్డ అని చెప్పు. ఎగిరేటోళ్లు ముంగట ఉంటరు, నూకేటోళ్లు ఎనక ఉంటరు. తేడా అంతనే గదా.

నువ్వు చుక్క ముట్టవని బస్తీ అంతకు తెలుసట, అదే వచ్చిన చిక్కు. మంచి అలవాట్లున్నోళ్లతోని ఇదే పరేషాన్. అందుకే ఈ క్వార్టర్ సీసా తెచ్చిన. తాగకు. ఆయన వచ్చే ముంగట అంగి మీద జర చల్లుకో. వాసన చాలు.

చెప్తవా? ఇంత అలకగ ఒప్పుకుంటున్నవేంది. నేను రెండు తీర్ల బతిమాలుడు తయారుచేసుకొని వచ్చిన.

ఏందీ? నేను బ్రేకు కొట్టబట్టే కాలుతోని పోయిందా? లేకుంటే పానమే పోతుండెనా? ఎవరు చెప్పిండ్రు నీకు? నువ్వే చెప్తున్నవా అందరికి? ఓహో. మాసమ్మ దండం గిందుకా.

వద్దు బుగ్గయ్య. దొంగ సాక్ష్యం చెప్పు, నాకు సిగ్గు లేదు. ఈ మొక్కుడు మాత్రం నాతోని కాదు.

ఇను. ఇంజన్ బందుంటే ఆ బండి బ్రేకు రాయైతది. ఉస్తాద్ ముందే చెప్పిండు, నేను తల ఊపిన. గల్లీ ఎత్తు మీద బండి ఎనకకు జారంగనే తొక్కిన, అది కదలలే. హ్యాండ్ బ్రేకు గుంజిన, అంబాసిడర్ వైరు టప్పున తెగింది. మిగిలినోళ్లు ముగ్గురు పక్కకు దుంకిండ్రు. నువ్వే దుంకలే. సార్ లోపల ఉన్నడని భుజం పెట్టినవ్.

నా చేతుల స్టీరింగ్ ఒక్కటే మిగిలింది. అద్దంల చూసిన. ఎడమ దిక్కు రాతి గోడ. కుడి దిక్కు ఇసుక కుప్ప, దాని ముంగట నువ్వు. గోడకు కొడితే బండి ఆగుతది, మనిషికి ఏం కాదు. కాని ఎనక లైటు పగులుతది.

కుడికి తిప్పిన.

కంగారుల కాదు. మంచిగ చూసి తిప్పిన. మనిషి కాలు దవాఖానల అతుకుతరు, లైటు ఈడ దొరకదు, అని గా ఒక్క క్షణంల అంత లెక్క తెలిసింది నాకు. ఇన్‌స్టిట్యూట్ నడిపేటప్పుడు గింత తెలివి ఎక్కడ పోయిందో.

తిట్టు బుగ్గయ్య, తిట్టు.

ఏమంటున్నవ్? లైటా? మంచిగనే ఉన్నది. గీత కూడ పడలే.

మల్ల గట్లనే అయితే ఎటు తిప్పుతనా?

ఆ లైటు కోసం రెండుసార్లు బొంబాయి పోయిన బుగ్గయ్య. రెండేండ్ల సంది నా బండి నూకుతున్నవ్, నాలా దాటి నీ ఇంటికి వచ్చుడు ఇదే మొదటిసారి.

సీసా ఇక్కడ, మంచం కింద పెడుతున్న.