సాలూరులో జారిన పట్టు

కళింగపట్నం, 2015 వేసవి. టిక్కెట్టు పెట్టి ఆడే కుస్తీ రింగులోకి ఆ తీరం నుంచి మొదట దిగిన ఆడమనిషి దాలమ్మ తెల్లవారుతూనే పోయింది. పదకొండేళ్లు రింగులో ఆమెకు ఎదురు నిలిచిన దేముడమ్మ, కబురు విని గజపతినగరం నుంచి బస్సెక్కి వచ్చింది. దాలమ్మ కూతురు శైలజ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“అక్కడే ఆగు. లోపలికి రాకు.”

“ఒక్కపాలి మొకం సూసి ఎల్లిపోతాను, అమ్మీ.”

“ఇన్నేళ్లకి గుర్తొచ్చిందేటి?”

“నువ్వు శైలజవి కదూ? అప్పుడు నాలుగేళ్ల గుంటవి. పిన్నీ పిన్నీ అని నా ఒళ్లోనే నిద్దరోయేదానివి.”

“పిన్నీ లేదు, గిన్నీ లేదు. మా అమ్మ ఎడం సెయ్యి మళ్లీ పైకి లెగనేదు, తెల్సా? ఆవిడ జడ నానే అల్లేదాన్ని. ఒక్కపాలైనా వచ్చి సూసినావా?”

“వచ్చాను. రెండుపాల్లు వచ్చాను. తలుపు తియ్యనేదు.”

“ఎందుకు తీస్తారు? సాలూరులో కుస్తీ సూడొచ్చిన లారీలోళ్లందరి ముందూ అమ్మని ఎత్తి పడీసినావు. భుజం ముక్కలైపోనాది. బెల్టు మీద ఆశ!”

“బెల్టు... మా కుస్తీ ఎలాటిదో మీ అమ్మ నీకు సెప్పనేదా?”

“ఏటి సెప్పాల?”

“ఎవులు గెలవాలో, ఎవులు పడాలో ముందే అనుకునేవోళ్లం. ఆ దినం నాను గెలవాలన్నాడు కుస్తీ కంపెనీ ఓనరు. పదకొండేళ్లలో అదే మొదలు. అప్ప, అదే మీ అమ్మ, ఊఁ అన్నాది. పొద్దున్న ఇద్దరం ఇడ్లీ తిని, ఆ పట్టు నాలుగుపాల్లు సరి సూసుకున్నాం.”

“అంటే... అంతా దొంగాటేనా?”

“గెలుపు దొంగది గానీ పడ్డం దొంగది కాదమ్మా. ఎత్తినోళ్లు తొడ పట్టుకోవాల. పైనున్నోళ్లు నడుం పట్టుకోవాల. వీపు కిందికి ఆనేదాకా ఇద్దరూ ఒదలకూడదు. నాకది నేర్పిందే మీ అమ్మ.”

“మరెలా పడ్డాది?”

“నా సెయ్యి జారుంటాది. సెమట... తెలవదమ్మా. ఇప్పటికీ తెలవదు. మనిషిని సంపేదానితో ఎవులు ఆడతారని కంపెనీ గెంటీసింది. ఎండుసేపల గంప ఎత్తుకున్నాను.”

“అమ్మ నీ పేరెత్తితే ఏడిసేది.”

“ఏడిసేదా?”

“దేముడమ్మ పాపం, అనేది. ఎవుల్నీ నిన్ను తిట్టనిచ్చేది కాదు. అలాటి మనిషిని నువ్వు...”

“అందుకే వచ్చాను తల్లీ. కాళ్లట్టుకుని, తప్పయిపోనాదప్పా అని సెప్పి పోతాను.”

మాటలు విని దాలమ్మ భర్త జగన్నాధం లోపలి నుంచి వచ్చాడు.

“ఎవులే శైలజా?”

“దేముడమ్మ, నాన్నా. సచ్చిపోయినాక తప్పొప్పుకుంటాదంట.”

“రానీ. దేముడమ్మా, రా... కాళ్లు మాత్రం పట్టుకోకు.”

“ఎందుకు బావా? అంటుకోకూడనంత పాపం సేసినానా?”

“అది కాదు. పట్టుకోకు, అంతే.”

“ఏటి నాన్నా, ఏటి దాస్తన్నావు?”

“ఇప్పుడెందుకే. మనిషే పోనాది. పేపరోళ్లు కూడా వచ్చి రాసుకెల్లారు, ఓటమెరగని దాలమ్మ అని.”

“సెప్పు బావా.”

“ఓడిపోడం దానికి ఇష్టం నేదు, దేముడమ్మా. నీ సేతిలో అసలే ఇష్టం నేదు.”

“ఊఁ అన్నాది కదా! నా ఎదురుగానే...”

“అన్నాది. నువ్వు పైకెత్తినాక నీ నడుం ఒదిలీసి పక్కకి తిరిగీసింది. కావాలనే. కొంచెం దెబ్బ తగుల్తాది, నీ మీద తప్పు పడతాది, ఆట ఆగిపోతాది, తను ఓడినట్టు అవదు అనుకున్నాది. భుజం పోతాదనుకోనేదు. ఆసుపత్రికి తీసుకెల్లిన జీపులోనే నాకు సెప్పీసింది.”

“నాన్నా! మరి నాకు ఇన్నేళ్లూ...”

“జీపులోనేనా, బావా? ఆ దినమే తెలుసా నీకు?”

“తెలుసు.”

“రెండుపాల్లు మీ గుమ్మం ముందు ఎండలో నిలబడ్డాను, బావా. అప్పకి కోపం పోనేదనుకున్నాను.”

“కోపం కాదు. తలుపెనకాల గడియ పట్టుకుని అదే నిలబడ్డాది. నీ మొకం సూస్తే నిజం సెప్పీస్తానని బయ్యం.”

“పిన్నీ. పిన్నీ, ఇలా రా. లోపలికి రా.”

“వస్తాను. ముందు ఆ పేపరోళ్లని ఎనక్కి పిలిపించు, శైలజా. సాలూరులో మీ అమ్మ ఓడిపోనాదని రాయమను.”