ప్రిన్సిపాల్ పేగులు కొలిచిన మాస్టారు

కొరియాలోని గున్సాన్ రేవు పక్కన మాల్‌సున్ నడిపే పంది పేగుల పులుసు కొట్లో, శనివారం మధ్యాహ్నం, నమ్‌గుంగ్ మాస్టారు గ్లాసు బల్ల మీద దబ్బున పెట్టారు. ఆయన హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతారు. ఎదురుగా టాక్సీ నడిపే గ్వాక్ కూర్చున్నాడు. మూల బల్ల దగ్గర అదే బడిలో కొత్తగా చేరిన సోల్ టీచర్ ఒక్కర్తే తింటోంది.

"నిన్న మీటింగులో వాడి పొగరు అణిచేశానయ్యా. నా ల్యాబ్ మూసేసి, కుర్చీలేసి, పిల్లలు బట్టీ పట్టే గది చేస్తాడట ఆ ప్రిన్సిపాలు. గుండెకాయ చేత్తో పట్టుకుంటే ఎంట్రన్సులో మార్కులొస్తాయా అంటాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఒక్క బల్ల కదిపితే ఊరుకోనని చెప్పా."

"మొహం మీదే?" అన్నాడు గ్వాక్.

"మొహం మీదేనయ్యా, నాకేం భయం. చెప్పి ఊరుకున్నానా, పంది ఊపిరితిత్తి తెచ్చి వాడి ఫైళ్ళ మీద పడేసి, గొట్టం పెట్టి, ఇదిరా శ్వాస అంటే, పుస్తకంలో బొమ్మ కాదు అని ఒక్క ఊదు ఊదా. అది ఉబ్బింది చూడూ, బల్లని నెట్టేసింది, వాణ్ణి బల్లిలా గోడకి అంటించింది, మేడ కప్పు లేపేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గొట్టం వదిలేశా. ఆ గాలికి రేవులో బయల్దేరిన పడవ వెనక్కొచ్చి ఒడ్డెక్కింది."

"నిన్నంతా రేవులోనే ఉన్నా మాస్టారూ, నాకేం కనపళ్ళేదే."

"టాక్సీలో గురక పెట్టేవాడికి ఏం కనపడుద్ది? ఊరుకో. అంత జరిగినా ఆ వెధవకి బుద్ధి రాలా. గోడ మీద నుంచే మార్కులు, మార్కులు అంటున్నాడు. అప్పుడు గుండె తీశా. చచ్చిన పంది గుండెకాయ. ఒక్కటి పీకేసరికి కొట్టుకోవడం మొదలెట్టింది. దాన్ని నీళ్ళ పైపుకి తగిలిస్తే, ఏనాడూ చుక్క రాని పై అంతస్తు కుళాయిల్లోంచి నీళ్ళు దూకాయి. వీధి వీధంతా బిందెలు పట్టుకొచ్చింది."

మాల్‌సున్ గరిటె పట్టుకుని దగ్గరికొచ్చింది. "మా పిల్ల సోమవారం మీ క్లాసులో గుండె కోసి చూపిస్తారని నెల్లాళ్ళుగా ఎదురుచూస్తోంది మాస్టారూ. నర్సు అవుతానంటోంది. అయితే ల్యాబ్ ఉన్నట్టేగా?"

"విను మరి, ఇంకా అసలుది చెప్పలా," అన్నారు మాస్టారు గొంతు పెంచి. "నీ పేగు పొడవెంతో తెలుసా అనడిగా. తెలీదన్నాడు. జీర్ణవ్యవస్థ తెలీనివాడు బడి నడుపుతాడా, నాకు పిచ్చి కోపమొచ్చి నోట్లో చెయ్యి పెట్టి లాగా. లాక్కుంటూ మెట్లు దిగి, బజారు దాటి, దీపస్తంభానికి రెండు చుట్లు చుట్టి, మళ్ళీ లాక్కొచ్చి, మడతలు పోకుండా లోపల సర్దేశా. వాడికి నొప్పి కూడా తెలీలా. కాస్త ఆకలేస్తోందన్నాడంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా కాళ్ళ మీద..."

సోల్ టీచర్ చెంచా కింద పెట్టింది.

"నిన్న మీటింగులో నేను మీ పక్క కుర్చీలోనే ఉన్నాను మాస్టారూ."

మాస్టారు అటు తిరగలేదు.

"ల్యాబ్ మూసేయడానికి అభ్యంతరం లేకపోతే చప్పట్లతో ఆమోదిద్దాం అన్నాడు ప్రిన్సిపాలు. నేను లేచి నిలబడ్డాను. ఆ గదిలో అందరికంటే చిన్నదాన్ని. వద్దు, పిల్లలకి ల్యాబ్ కావాలి అని మొదలుపెట్టాను. అప్పుడే మీరు చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు మీరే కొట్టారు. మిమ్మల్ని చూసి అందరూ కొట్టారు. నా మాట నాకే వినపడలేదు."

గ్వాక్ తన గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. మాస్టారు లేచి, చొక్కా సర్దుకుని, తలుపు వైపు నడవబోయారు.

మాల్‌సున్ అడ్డంగా వచ్చి కుర్చీని ఆయన వెనక్కి జరిపింది. ఆమె మొహం ఎర్రబడిపోయింది.

"కూర్చోండి. ట్యూషన్ అయిపోయి మా పిల్ల ఇప్పుడే వస్తుంది. ల్యాబ్ మూసేశారని దానికి నేను చెప్పను. మీరే చెప్పండి."