వదిన చోట రెండో మానిటరు

నా ఈ వీడ్కోలు సభకి అధ్యక్ష స్థానంలో కూర్చుని, నేనెప్పుడు ముగిస్తానా అని వాచీ చూసుకుంటున్న మేనేజరుగారికి, ముందు వరుసలోని పెద్దలకు, కంపోజింగు, బైండింగు విభాగాల మిత్రులకు, నాకంటే ముందే కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టిన మా చెల్లెలికి నమస్కారం.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ ప్రూఫురీడరు చేతిలోంచి ఒక్క తప్పయినా దాటిపోలేదని ఇందాకటి నుంచి పొగుడుతున్నారు. కాస్త ఎక్కువైంది. ఆ మూలన మన కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ తమ్ముడు నవ్వాపుకోలేక చస్తున్నాడు చూడండి. వాడికి సంగతి తెలుసు. (నవ్వులు)

కొత్తగా చేరినవాళ్ళకి తెలియకపోవచ్చు, ఒకప్పుడు ఈ పని ఇద్దరు చేసేవాళ్ళు. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే రెండోవారు ప్రూఫు మీద వేలు పెట్టుకుని దిద్దేవారు. నాకు చదివిపెట్టింది వదిన. సొంత వదిన కాదు, ఆఫీసంతా అలాగే పిలిచేది. ఇరవై రెండేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నాం. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి చదివేది. ఆ అలవాటు నాకెంత ముదిరిందంటే, ఇంట్లో ఓసారి కోపమొచ్చి మా ఆయనతో "ఇంక మాట్లాడకండి, ఫుల్‌స్టాప్" అన్నాను. అదుగో, ఆయన తలూపుతున్నారు. (నవ్వులు)

పనంతా లాప్‌టాప్‌లోకి మారాక ఆ చిన్న తెర మీద అక్షరాలు నా కళ్ళకి ఆనేవి కావు. పెద్ద మానిటర్లు రెండు ఇప్పించమని అర్జీ పెట్టుకున్నది నేనే. పైవాళ్ళే పంపారని వదిన అనుకుంది, నేనూ అనుకోనిచ్చాను.

లాప్‌టాప్‌కి ఒకటే సాకెట్ ఉందని తమ్ముడు మధ్యలో చిన్న పెట్టె ఒకటి తగిలించి, దానికి రెండు మానిటర్ల వైర్లూ గుచ్చి, "ఎడమవైపు రాతప్రతి, కుడివైపు ప్రూఫు పెట్టుకో అక్కా" అని చెప్పి టీకి వెళ్ళిపోయాడు. అది మందుల మోతాదుల పుస్తకం. మధ్యాహ్నానికల్లా నలభై పేజీలు చూశాను. అటెలా ఉందో ఇటూ అలాగే, ఒక్క తప్పు లేదు! వెళ్ళి కంపోజింగువాళ్ళ వీపు తట్టి వచ్చాను. వాళ్ళు బిక్కమొహాలు వేశారు.

వదినకి నమ్మకం కుదరలేదు. కుర్చీ ఈడ్చుకొచ్చి నా పక్కన కూర్చుని మౌసు కదిపింది. రెండు తెరల మీదా బాణం ఒకేలా కదిలింది. "ఒసేయ్, రెండింట్లోనూ ఒకటే పేజీ కదే! ప్రూఫుని చూసి ప్రూఫే దిద్దుతున్నావా పొద్దుట్నించీ?" (నవ్వులు) నవ్వండి, నవ్వండి. మళ్ళీ చదివితే పదకొండు తప్పులు దొరికాయి. ఒకచోట చుక్క ఎగిరిపోయి అర మాత్ర కాస్తా ఐదు మాత్రలైంది.

తమ్ముణ్ణి పిలుస్తానన్నాను. "వాడెందుకే" అని వదినే సెట్టింగుల్లోకి వెళ్ళి, డూప్లికేట్ తీసేసి ఎక్స్‌టెండ్ నొక్కింది. ఎడమన రాతప్రతి, కుడిన ప్రూఫు వచ్చి నిలబడ్డాయి. వదిన వాటిని చూసి మెల్లిగా, "అయితే ఇంక నేను చదవక్కర్లేదన్నమాట" అంది. "అక్కర్లేదు" అన్నాను నేను. పనిలో పడి, తల కూడా తిప్పకుండా అన్నాను.

(కళ్ళద్దాలు తుడుచుకుని) నెల తిరక్కుండా ఆమెను స్టోర్సుకి మార్చారు. నాలుగు నెలలు చూసి తనే మానేసింది. ఆరేళ్ళయింది. మానిటర్లని ఏమీ అనను, నా కళ్ళని నిలబెట్టినవి అవే. కానీ చెవులు వినవే! ఇప్పటికీ పేజీ తెరవగానే ఎవరో చదువుతారని ఒక్క క్షణం ఆగుతాను. ఆ గొంతు కోసం ప్రాణం కొట్టుకుపోతుంది. మానిటర్ల సందులోంచి తొంగి చూస్తే ఎదుటి కుర్చీలో కాగితాల కట్టలుంటాయి.

ఈ పొద్దున ధైర్యం చేసి ఫోన్ చేశాను. సభకి రమ్మన్నాను. అర్జీ పెట్టింది నేనేనని కూడా చెప్పేశాను. "తెలుసులేవే. పైకి పంపే కాగితం, ఓసారి చూసిపెట్టమని గుమాస్తా నాకే ఇచ్చాడు. రెండు తప్పులుంటే దిద్ది పంపాను" అంది.

సభకి మాత్రం రాలేనంది. చూపు బాగా తగ్గిందట. "నువ్వే ఇంటికి రా. వస్తూ ఏదో ఒక పుస్తకం పట్రా, చదివిపెడుదువుగాని" అంది.

రేపు పది గంటలకి, ఆఫీసు వేళకే వెళుతున్నాను. నన్ను ఇన్నాళ్ళు భరించిన మీ అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. సెలవు.