కొంగు మీద చర్చి

ధర్మవరం, 1958. మిట్టమధ్యాహ్నం. నేతగాడు ఓబుళప్ప వీరుడిలా ఇల్లు చేరాడు. అతని చేతిలోని మగ్గం కొయ్యకు అంటిన నెత్తురు చూసి పెళ్ళాం సుశీలమ్మ ఎదురొచ్చింది.

“ఎవరి నెత్తురది?”

“నీ తమ్మునిది. నీళ్లు తే, చేతులు కడుక్కోవల్ల.”

“జయరామునిదా! ఏం చేసినావు వాణ్ణి?”

“కుడిచెయ్యి ఇరగ్గొట్టినా. ఇంగ జన్మలో మగ్గమెక్కడు. నీళ్లు తెమ్మంటి!”

“బతికుండాడా? యాడుండాడు?”

“బత్తలపల్లి రోడ్డులో పడుండాడు. మూలుగుతాండాడు గానీ సావలే. నా మగ్గం మీది చీర పడుగు, నిలువు పోగులన్నీ కోసినోడు! నేసేటోని పడుగు కోసేదీ, కన్నబిడ్డ గొంతు కోసేదీ ఒగటే గదా!”

“వాడే కోసినాడని ఎవురు చెప్పిరి?”

“వాడే ఒప్పుకున్యాడు. పెనుకొండలో దొర బంగళా సామాన్లు వేలమేస్తే తెస్తినే, ఆ నీళ్లరంగుల బొమ్మ, దాని మీద వానికి మొదట్నుంచీ కన్ను. చర్చి లోపలి స్తంభాలు, కమానులు, కిటికీలో నుంచి పడే ఎండ... 1819లో యా దొర గీసినాడో గానీ, దాన్ని చూసి నేను నేసినట్లాంటి కొంగు ధర్మవరంలో ఎవుడు నేసినాడు? ఓర్సలేక కోసినాడు.”

“కొట్టక ముందే ఒప్పుకున్యాడా?”

“యాడ! రెండు దెబ్బలకు ‘నాకు తెలీదు బావా’ అన్యాడు. మూడో దెబ్బకూ అదే మాట. ‘అట్లయితే ఇంట్లో ఉండేది మీ అక్కే, పోయి దాన్ని అడుగుతా’ అంటి. అప్పుడు కాళ్లు పట్టుకోని ‘నేనే బావా, నేనే’ అని ఏడ్సినాడు.”

“అయ్యో, నా తమ్ముడా...”

“ఏడ్సాకు! మన బిడ్డ గౌరి పెండ్లి చీర అది. దాన్ని కోసినోని కోసం ఏడుస్తావా?”

“ఆ బొమ్మలో స్తంభాల కింద బండలుండాయి, అచ్చరాలతో. వాటినీ నేస్తివి గదా?”

“గళ్లు గళ్లుగా, అచ్చరాలు గూడా అట్లే దించినా. ఏం?”

“మొన్న హిందూపురం పాదిరి బొమ్మ చూడను వచ్చి చెప్పినాడు. అవి గోరీలంట. పీనుగుల్ని చర్చి లోపలే పూడ్చి, పైన పేర్లు చెక్కుతారంట. పెండ్లికూతురు కొంగుకు గోరీలా?”

“నాకెందుకు చెప్పలేదే?”

“చెప్పబోతే ‘ఆడదానికేం తెలుసు’ అని చెంబు ఇసిరితివి. ఇదిగో, నొసట గాయం. అందుకే... నువ్వు సంతకు పోయినప్పుడు...”

“అందుకే? ఏందే? చెప్పు!”

“కోసింది నేను. జయరాముడు చూసి నోరు మూసుకున్యాడు. రా, ఎత్తు కొయ్య. వానికి యా చెయ్యి ఇరగ్గొట్టినావో, నాకూ ఆ చెయ్యే ఇరగ్గొట్టు.”